కెమెరాలు ఉన్నాయి సరే, నిన్న రాత్రి రికార్డింగ్ ఉందా?

సంపాదకులు గారికి నమస్కారం.

చోరీ వార్త ఏది చదివినా చివర్లో ఒక వాక్యం ఉంటోంది, అక్కడి సీసీ కెమెరాలు పనిచేయడం లేదని. అంతటితో వార్త అయిపోతుంది. కడపలో కెమెరాలు బిగించడం, బాగుచేయడమే నా బతుకుదెరువు. అంతకుముందు కేబుల్ టీవీ లైన్లు లాగేవాణ్ని. ఆ వాక్యం కనపడ్డప్పుడల్లా నాకు అడగాలనిపిస్తుంది. ఏది పనిచేయలేదు? కెమెరానా, వైరా, అడాప్టరా, హార్డ్ డిస్కా? లేక అన్నీ బాగుండి కూడా ఆ రోజు రికార్డింగ్ ఎప్పుడో చెరిగిపోయిందా? మీ విలేకరులు ఈ ఒక్క ప్రశ్న అడిగి, వచ్చిన జవాబు కూడా వార్తలో రాయాలని కోరుతూ ఈ ఉత్తరం. నేను చూసినంతలో కెమెరా తనంతట తాను చెడిపోయేది తక్కువ. దాని వెనక ఉండేవే ఎక్కువ మోసం చేస్తాయి.

మాకు తరచూ వచ్చే కంప్లయింటు ఒకటి చెప్తాను. వై.వి. స్ట్రీట్ వైపు ఒక షాపాయన ఫోన్ చేశాడు. "పగలంతా అద్దం మాదిరి కనపడ్తాంది అబ్బీ. చీకటి పడితే చాలు, బొమ్మ పోతాంది. కెమెరా మార్చాల్సిందేనా?" అప్పటికే వేరే ఎవరో వచ్చి కొత్త కెమెరాకు రేటు కూడా చెప్పి పోయారు. నేను సాయంత్రం పోయి చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను. కెమెరా కింద నిలబడి చూస్తే లెన్సు చుట్టూ సన్నగా ఎర్రటి వెలుగు వచ్చింది, ఆరిపోయింది. కాసేపటికి మళ్లీ వచ్చింది, మళ్లీ ఆరిపోయింది.

చీకట్లో చూడటానికి కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు ఉంటాయి. అవి వెలిగితే కెమెరా లాగే కరెంటు పగటి కంటే బాగా పెరుగుతుంది. ఆ షాపులో అడాప్టర్ ముందు వైపు గల్లాపెట్టె దగ్గర ఉంది, కెమెరా వెనక గోడౌన్ గేటు మీద ఉంది. మధ్యలో అరవై మీటర్ల పైచిలుకు సన్నటి త్రీ ప్లస్ వన్ వైరు, అంటే బొమ్మకు ఒక తీగ, కరెంటు వగైరాకు మూడు తీగలు కలిసి ఉండే కేబుల్. అంత దూరం పోయేసరికి వోల్టేజి దిగిపోతుంది. మీటర్ పెడితే అడాప్టర్ దగ్గర 12 వోల్టులు చూపించింది. కెమెరా దగ్గర వెలుతురు ఉన్నంతసేపు 10 ఉంది, ఎల్ఈడీలు వెలగగానే 8కి పడింది. ఆ వోల్టేజికి కెమెరా ఆగిపోతుంది. కెమెరా ఆగితే ఎల్ఈడీలు కూడా ఆరుతాయి, లోడు తగ్గి వోల్టేజి లేస్తుంది, కెమెరా మళ్లీ స్టార్ట్ అవుతుంది, ఎల్ఈడీలు వెలుగుతాయి, మళ్లీ పడిపోతుంది. తెల్లవార్లూ ఇదే తంతు. గేటు పక్కనే ప్లగ్ పాయింటు ఉంటే అడాప్టర్‌ను అక్కడికి మార్చాను, సమస్య పోయింది. ప్లగ్ లేని చోట కరెంటుకు విడిగా మందపాటి వైరు లాగాలి. ఈ రెండూ చేయకుండా ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా ఆ గేటు మీద అది కూడా ఇట్లే ఆడేది.

ఆ గోడౌన్లో దొంగలు పడి ఉంటే కెమెరా పనిచేయలేదని పోలీసులు చెప్పేవాళ్లు, సాయంత్రం దాకా పనిచేసిందని ఓనరు చెప్పేవాడు. ఇద్దరిదీ నిజమే.

మిగతా జబ్బులు చిన్నవి. బయట జాయింట్లకు డబ్బా పెట్టకుండా టేపు చుట్టి వదిలేస్తారు, నాలుగు వానలకు కేబుల్ చివర బిగించే బీఎన్‌సీ పిన్ను చిలుము పట్టి బొమ్మ వణుకుతుంది. రాత్రిళ్లు తెరంతా తెల్లగా అయిపోతోందని కంగారు పడతారు, పోయి చూస్తే సాలెగూడు. ఎల్ఈడీల వేడికో వెలుగుకో పురుగులు చేరతాయి, వాటికోసం సాలీడు వస్తుంది, దాని గూడు మీద పడ్డ వెలుగంతా తిరిగి లెన్సులోకే కొడుతుంది. దీనికి మెకానిక్ అక్కర్లేదు, కట్టెకు కట్టిన చీపురు చాలు.

ఎండ సంగతి మాత్రం మన జిల్లాలో చిన్నది కాదు. కెమెరాల బొమ్మను రికార్డు చేసే మిషన్ డీవీఆర్. దాన్ని దొంగలు ఎత్తుకుపోతారని అటక మీదో, తాళం వేసిన చెక్క పెట్టెలోనో, రేకుల షెడ్డులోనో దాస్తారు. దాచడం మంచిదే. కానీ మే నెలలో మన ఊళ్లో నీడలోనే 42, 43 డిగ్రీలు ఉంటే రేకుల కింద మూసిన పెట్టెలో ఎంత ఉంటుందో ఊహించుకోండి. లోపల హార్డ్ డిస్క్ ఇరవై నాలుగు గంటలూ తిరుగుతూనే ఉంటుంది. గాలి ఆడక ముందు పోయేది అదే. పైగా చాలామంది ఖర్చు కలిసొస్తుందని పాత కంప్యూటర్లోంచి తీసిన డిస్కు వేయించుకుంటారు. రాత్రింబవళ్లు రాసే పనికి తయారుచేసిన సర్వైలెన్స్ డిస్కులు వేరే ఉన్నాయి, తేడా మరీ ఎక్కువేం కాదు.

అసలు చిక్కు ఏమిటంటే, డిస్కు చచ్చిపోయినా టీవీలో బొమ్మ ఆగదు. నాలుగు గడుల్లో నాలుగు బొమ్మలు ఎప్పట్లాగే కదులుతుంటాయి కాబట్టి అంతా బాగుందనుకుంటారు. డిస్కు పోతే డీవీఆర్ బీప్ బీప్ అని అరుస్తుంది, అది దాని ధర్మం. అప్పుడు మాకు ఫోన్ వస్తుంది, "ఆ శబ్దం తలనొప్పిగా ఉంది, ఆపి పో అబ్బీ" అని. డిస్కు మార్చాలని చెప్తే వచ్చే నెల చూద్దామంటారు. ఎవరో ఒకరు సెట్టింగుల్లోకి పోయి బజర్ ఆపేస్తారు. ఇంక ఆ షాపులో ఏం జరిగినా సాక్ష్యం ఉండదు, ఆ సంగతి జరిగాక గానీ తెలియదు.

డిస్కు బాగున్నా ఎన్ని రోజులు నిలుస్తుందో లెక్క వేసేవాళ్లు లేరు. కొటేషన్ అడిగేటప్పుడు అందరూ ఎన్ని కెమెరాలు, ఎంతవుతుంది అనే అడుగుతారు. 2 మెగాపిక్సెల్ కెమెరా రికార్డింగ్‌ను సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాసేట్టు పెడితే ఒక్కదానికే రోజుకు 21 జీబీ పైన పడుతుంది. 8 కెమెరాలకు 170 జీబీ దాటుతుంది. అంటే 1 టీబీ (వెయ్యి జీబీ) డిస్కు ఆరు రోజులు కూడా రాదు. నిండాక పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. వీడియోను ఇంకా ఎక్కువ కుదించి రాసే హెచ్.265 పద్ధతి ఉన్న మిషన్ అయితే దాదాపు సగం చోటుతో సరిపెడుతుంది, అయినా పదకొండు రోజుల మాటే. పెళ్లికో కాశీ యాత్రకో పోయి రెండు వారాలకు తిరిగొచ్చిన కుటుంబం తలుపు పగిలి ఉండటం చూసి పక్క షాపు ఫుటేజీ కోసం పరిగెత్తితే అక్కడ ఏముంటుంది? జనం బాగా వచ్చే దుకాణాలు, సంస్థలు కెమెరాలు పెట్టాలని, రికార్డింగ్ 30 రోజులు ఉంచాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలోనే చట్టం చేశారు. ఎనిమిది కెమెరాలకు ఆ ముప్పై రోజులు రావాలంటే మామూలు పద్ధతిలో 6 టీబీ కావాలి, హెచ్.265 అయితే 3 లేదా 4. ఈ మాట కొటేషన్లో రాసిస్తే ఎక్కువ చెప్తున్నానని వేరే వాళ్ల దగ్గరికి పోతారు. వాళ్లు 1 టీబీ వేసి పోతారు.

ఒక్క కెమెరాలో వీధి మొత్తం కనపడాలనే కోరిక ఇంకొకటి. 2.8 ఎంఎం లెన్సు పెడితే వీధి మొత్తం కనపడుతుంది, నిజమే. కానీ తెలియని మనిషిని ముఖం చూసి గుర్తుపట్టేంత వివరం రావాలంటే మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలనేది ఈ రంగంలో లెక్క. ఆ లెక్కన ఈ లెన్సుతో 2 మెగాపిక్సెల్ కెమెరా ముఖం పట్టేది సుమారు పది అడుగుల లోపే. అదే 6 ఎంఎం లెన్సును కాలనీ మొదట్లో దారికి గురిపెడితే పాతిక అడుగుల దాకా వస్తుంది, వెడల్పు మాత్రం తగ్గుతుంది. రెండూ కావాలంటే రెండు కెమెరాలు పెట్టాలి. స్తంభం చిట్టచివరకు బిగించి ఊరంతా చూపించే కెమెరాలో చివరికి దొరికేది దొంగ నడినెత్తి.

టైము గురించి పోలీసు మిత్రులు కూడా ఒప్పుకుంటారు. డీవీఆర్ లోపల బటన్ సెల్ అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం మొదటికి పోతుంది, కొన్నింట్లో 2000 జనవరి 1 చూపిస్తుంది. రికార్డింగ్ అవుతూనే ఉంటుంది గానీ నిన్నటి తేదీ పెట్టి వెతికితే ఏమీ దొరకదు. ఏదైనా జరిగాక ఆ టైమును సరిచేయడానికి తొందరపడొద్దు. డీవీఆర్ టైము, ఫోన్ టైము రెండూ ఒకే ఫొటోలో వచ్చేట్టు తీసి పెట్టుకుని, ఎంత తేడా ఉందో కాగితం మీద రాసి, ముందు ఆ భాగాన్ని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాలి. టీవీ ముందు సెల్‌ఫోన్ పట్టుకుని తీసిన వీడియో వాట్సాప్ గ్రూపులకు పనికొస్తుందేమో గానీ కోర్టుకు కావలసింది అది కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. అందులో మిషన్ ఎవరి అధీనంలో ఉందో వాళ్లు ఒక భాగం, నిపుణుడు ఇంకో భాగం నింపాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలును ఎవరూ మార్చలేదని చూపే, దాని వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. మరి కాలనీ స్తంభం మీది కెమెరా ఎవరి అధీనంలో ఉన్నట్టు?

ఆ ప్రశ్నకు జవాబు లేకపోవడమే నా బాధ. దేవుని కడప రథోత్సవానికో, పెద్ద దర్గా ఉరుసుకో, ఎన్నికల ముందో అందరికీ కెమెరాలు గుర్తొస్తాయి. దాతలు ముందుకొస్తారు, రిబ్బన్ కత్తిరిస్తారు, ఫొటో మీ పేపర్లో వస్తుంది. ఆ తర్వాత కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, డీవీఆర్ పెట్టె తాళం ఎవరి దగ్గరుండాలి, లైన్ల కింద చెట్టు కొమ్మలు కొట్టినప్పుడు తెగిన వైరు ఎవరు వేయించాలి అన్నది ఎవరూ మాట్లాడుకోరు. పోలీస్ స్టేషన్లలో కెమెరాల గురించి 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, రికార్డింగ్ 18 నెలలు ఉండాలని, అంత సౌకర్యం దొరక్కపోతే కనీసం ఏడాది అయినా ఉండేట్టు చూడాలని చెప్పింది. అక్కడితో ఆగలేదు. కెమెరాలు పనిచేయడం, వాటి నిర్వహణ, రికార్డింగ్ ఆ స్టేషన్ హౌస్ ఆఫీసర్ బాధ్యత అని కూడా తేల్చింది. కాలనీలకు కావలసింది అట్లాంటి ఒక్క మనిషే. రిటైర్ అయిన మాస్టారో, అసోసియేషన్ సెక్రటరీయో, మూల మీది కిరాణా కొట్టాయనో ఎవరైనా సరే, వారానికొకసారి పెట్టె తెరిచి ముందురోజు రాత్రి రెండు గంటలప్పటి రికార్డింగ్ ఒక్కో కెమెరాదీ వెనక్కి తిప్పి చూడాలి. లైవ్ చూస్తే లాభం లేదు.

మా లాంటి వాళ్ల గురించి కూడా ఒక మాట. బిగించిన రోజు మీ ఫోన్లో యాప్ వేసి చూపిస్తాం. ఆ యాప్‌లో ఓనరుగా ఎవరి నంబరు ఉందో చూసుకోండి. చాలా ఇళ్లలో మెకానిక్ నంబరే ఉంటుంది. మీ వరండా, హాలు మా ఫోన్లో కనపడాల్సిన అవసరం ఏముంది? పని అయిపోగానే మీ నంబరుకు మార్పించుకుని, పాస్‌వర్డు మీరే కొత్తది పెట్టుకోండి. అడ్మిన్, 12345 లాంటివి అట్లే వదిలేసిన కెమెరాలను, డీవీఆర్‌లను 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల్లో లొంగదీసుకుంది. ఆ ఏడు అక్టోబరులో వాటితోనే దాడి చేసి అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను అందకుండా చేశారు. మన ఇంటి డీవీఆర్‌తో ఎవరికేం పని అనుకునేవాళ్లకు ఇది చెప్తుంటాను. సగం మంది నవ్వి, పాస్‌వర్డుగా మనవడి పేరు పెట్టుకుంటారు.

కార్పొరేషన్ వాళ్లకు, దాతలకు నా మనవి ఒకటే. కొత్తగా పెట్టే ముందు పాతవాటిలో ఎన్నింటికి నిన్నటి రికార్డింగ్ ఉందో వార్డుల వారీగా చూపించండి. ప్రతి స్తంభానికీ బాధ్యుడి ఫోన్ నంబరు, ఆఖరిసారి చెక్ చేసిన తేదీ రాయించండి. దాత పేరు రాసిన బోర్డు మీద చోటు బాగానే ఉంది.

ఇట్లు,
ఒక సీసీ కెమెరా మెకానిక్,
యర్రముక్కపల్లె, కడప.