“బాగానే ఉంది కదా” అని ఆగకండి

సంపాదకుడు గారికి,

ఎమర్జెన్సీ వార్డులో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మందులు ఎక్కువ మింగిన పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రుల నోట తరచూ విన్న మాట: “రాత్రి బాగానే ఉందమ్మా, అందుకే పొద్దున్న తెచ్చాం.”

పారాసెటమాల్ విషయంలో మోసం అక్కడే ఉంది. మొదటి రోజు కాస్త వికారం, ఒకటి రెండు వాంతులు. ఒక్కోసారి అదీ ఉండదు. లోపల కాలేయం మాత్రం దెబ్బతింటూ ఉంటుంది. కామెర్లు కనబడేసరికి రెండు మూడు రోజులు గడిచిపోతాయి. దీనికి ఎసిటైల్‌సిస్టీన్ అనే మంచి విరుగుడు ఉంది. మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే కాలేయం దాదాపుగా దక్కుతుంది. ఆలస్యమైనా ఇస్తారు, మేలు చేస్తుంది కూడా, కానీ అంత భరోసా ఉండదు. ఎన్ని మింగారన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు మింగారన్నదీ అంతే ముఖ్యం. రక్తంలో మందు ఎంత ఉందో చూసే పరీక్ష కూడా 4 గంటలు దాటాకే లెక్కకొస్తుంది.

ఐరన్ మాత్రలు ఇంకా మాయదారివి. వాంతులు తగ్గి పిల్ల తేరుకున్నట్టే ఉంటుంది, కొన్ని గంటలకు ఒక్కసారిగా కుప్పకూలొచ్చు. కొన్ని మందులు మింగినప్పుడు ఆసుపత్రిలో తాగించే బొగ్గు పొడి (యాక్టివేటెడ్ చార్‌కోల్) కూడా ఐరన్‌ను పట్టుకోలేదు.

ఇక ఉప్పునీళ్లు తాగించి కక్కించడం. దయచేసి మానండి. ఉప్పే విషమవుతుంది, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాంతి చేయించే ఇపెకాక్ సిరప్‌ను ఇళ్లలో ఉంచుకోవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2003లోనే చెప్పింది.

పదిహేనేళ్ల పిల్లలు కావాలనే మింగినప్పుడు పరువు అడ్డొస్తుంది. “కడుపునొప్పి” అని చెప్పి తెస్తారు, విలువైన గంటలు అక్కడే పోతాయి. నిజం చెప్పండి. మంచం పక్కన తిట్టకండి. ఈ మాట మా వాళ్లకీ వర్తిస్తుంది, సెలైన్ పెడుతూ కసురుకున్నవాళ్లని చూశాను. కాలేయం కోలుకున్నంత మాత్రాన ఇంటికి పంపేయకూడదు, మానసిక వైద్యులు ఆ పిల్లతో మాట్లాడాలి.

మందుల కంపెనీలకు ఒక విన్నపం. డబ్బా మీద మందు పేరంత పెద్ద అక్షరాల్లో “ఎక్కువ మింగితే, లక్షణాలు లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి” అని అచ్చువేయండి. బ్రిటన్‌లో 1998లో పారాసెటమాల్ ప్యాకెట్ల సైజు తగ్గించాక మరణాలు తగ్గాయి. డబ్బా మీద చేసే మార్పు చిన్నదేమీ కాదు.

అప్పటిదాకా, ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఖాళీ స్ట్రిప్పు, సీసా వెంట తెండి. చెత్తబుట్టలో వెతికైనా సరే.

– ఒక రిటైర్డ్ నర్సు