ఏఐ డిటెక్టర్ తీసేశాం, మార్కులు తిరిగి వేస్తున్నాం

మన ఇంగ్లిష్ రైటింగ్ కోర్సులో మీరు పంపే వ్యాసాలను ఇన్నాళ్లూ ఏఐ డిటెక్టర్‌తో, అంటే రాసింది మనిషా, ఏఐనా అని అంచనా వేసే సాఫ్ట్‌వేర్‌తో కూడా చూసేవాళ్లం. సొంతంగా రాసినవాళ్ల వ్యాసాలకు అది 'ఏఐ రాసింది' అని ముద్ర వేసింది, ఆ ముద్ర నమ్మి మేం మార్కులు తగ్గించాం. తప్పు మాది. క్షమించండి.

డిటెక్టర్ అమ్మిన కంపెనీని నిలదీస్తే, చిన్న రచనల మీద ఫలితం అంత నమ్మదగినది కాదన్నారు. మన వ్యాసం 150 పదాలేనని కొనే రోజే చెప్పాం. అప్పుడు ఈ మాట ఎందుకు రాలేదు? ఆ కోపం ఇంకా పోలేదు.

అసలు ఇలాంటి డిటెక్టర్లు చాలా చూసేవాటిలో ముఖ్యమైనది ఒకటుంది: తర్వాత రాబోయే పదాన్ని ఎంత తేలిగ్గా ఊహించొచ్చు అని. కొత్తగా ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లు తెలిసిన పదాలే వాడతారు, 'ఇన్ మై ఒపీనియన్' లాంటి కంఠతా పట్టిన మాటలతో మొదలుపెడతారు. అందుకే దొరికిపోతారు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61 శాతానికి పైగా ఏఐ రాసినవని తేల్చాయి. అవే వ్యాసాల్లో పదాలను చాట్‌జీపీటీతో మెరుగుపరిచి ఇస్తే ఆ తప్పుడు ముద్రలు బాగా తగ్గాయి! సొంతంగా రాసినవాడికి శిక్ష, సాయం తీసుకున్నవాడికి మినహాయింపు. అదే ఏడాది జులైలో చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ కూడా తన డిటెక్టర్‌ను కచ్చితత్వం చాలక ఆపేసింది. ఇవన్నీ కొనేముందే చదవాల్సింది.

తప్పుల్లేకుండా రాస్తే అనుమానిస్తారేమోనని కొందరు కావాలని స్పెల్లింగ్ చెడగొట్టి పంపారు. అది చూసి చాలా బాధేసింది.

ఏఐని పూర్తిగా నిషేధించాలా, వద్దా అని వారాల తరబడి తర్జనభర్జన పడ్డాం. నిషేధిస్తే మీరు చాటుగా వాడతారు, భయం ఇంకా పెరుగుతుంది. మొదటి వాక్యం నుంచే వాడనిస్తే ఖాళీ కాగితం ముందు కూర్చునే ధైర్యం ఎప్పటికీ రాదు. చివరికి, మొదటి చిత్తుప్రతి తర్వాతే వాడొచ్చని నిర్ణయించాం. దీన్ని మార్చం.

20 నిమిషాలు, చేత్తో, డిక్షనరీ కూడా లేకుండా రాయండి. ఫొటో తీసి పంపాకే ఏఐ తెరవండి. 'బాగు చేసి రాయి' అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే 'ఐ వజ్ టైర్డ్' అన్న మీ మాట తీసేసి మీకు అర్థం కాని గంభీరమైన వాక్యం పెడుతుంది. రేపు ఎవరైనా అడిగితే దాన్ని వివరించలేరు. 'తప్పున్న చోటు చూపించు, సరిచేయకు, కారణం ఒక్క వాక్యంలో చెప్పు' అనండి. ఒక్కసారికి ఒకే రకం తప్పు: ఈ రోజు ఆర్టికల్స్, రేపు టెన్సులు. 'వుయ్ డిస్కస్డ్ అబౌట్ ద ప్రాబ్లమ్'లో 'అబౌట్' కింద గీత పడితే, దాన్ని కొట్టేయాల్సింది మీ చెయ్యే. రెండు రోజులాగి, పాతది చూడకుండా మళ్లీ రాయండి. రెండు ప్రతులూ పంపండి. మార్కులు రెండోదానికి కాదు, రెంటి మధ్య మీరు చేసిన మార్పులకు.

దిద్దే పనిని మెషీన్‌కు వదిలేశామని కొందరన్నారు. అది మాత్రం ఒప్పుకోను. ప్రతి వ్యాసాన్నీ మా టీచర్లే దిద్దారు, ఇకముందూ వాళ్లే దిద్దుతారు.

ముద్ర పడిన వ్యాసాలన్నిటికీ మార్కులు ఈ వారంలోనే తిరిగి కలుపుతాం. మీరు సంజాయిషీ రాయక్కర్లేదు. వ్యాసం పేరు పంపితే చాలు.