చెట్ల కమిటీ వార్షిక నివేదిక: ఈ ఏడాది సీడర్లదే

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కమిటీ పనంతా మన ఇళ్ల వెనకున్న రెడ్ సీడర్ చెట్ల (ఏడాదంతా పచ్చగా ఉండే ఇక్కడి ఎత్తైన చెట్లు) చుట్టూనే తిరిగింది. సియాటిల్ అంటే ఎప్పుడూ వానే అని ఇండియాలో మనవాళ్లు అనుకుంటారు గానీ, జూలై, ఆగస్టుల్లో ఇక్కడ చినుకు పడితే గొప్ప. ఈ చెట్టు వేళ్లేమో ఎక్కువగా పైపొర మట్టిలోనే పరుచుకుంటాయి. 2021 జూన్ 28న 108 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ కాసింది. తల ఎండిపోయిన సీడర్లు ఇప్పుడు ఈ ప్రాంతంలో ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి.

అందుకే వేసవిలో ఇంటింటికీ తిరిగి నీళ్ల సంగతే చెప్పాం. లాన్ స్ప్రింక్లర్ పది నిమిషాలు తిరిగితే తడిసేది గడ్డే. కొమ్మల చివర్ల కింద, మొదలుకు దూరంగా, సోకర్ హోస్ (ఒళ్లంతా సన్నగా నీళ్లూరే గొట్టం) చుట్టి సన్నగా గంటల తరబడి వదలాలి. పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. సులువుగా దిగితే నేల తడిసినట్టే. కరివేపాకు కుండీకి ఒక్క ఆకు పండినా ఫోన్ల మీద ఫోన్లు చేసుకుంటాం, వందేళ్ల చెట్టు ఎండుతున్నా తలెత్తి చూడం!

అక్టోబరులో మన గ్రూపులో ఒకటే టెన్షన్. రెమ్మలు ఎర్రబారి రాలుతుంటే తెగులని మందు కొట్టించబోయారు కొందరు. వెళ్లి చూస్తే ఎర్రబడినవన్నీ కొమ్మ లోపలి వైపు పాత ఆకులు. చివర్లు పచ్చగానే ఉన్నాయి. ఏటా శరదృతువులో అది మామూలే, మందక్కర్లేదు. కొమ్మల చివర్లు గానీ, చెట్టు తల గానీ ఎండితేనే కమిటీకి కబురు చెయ్యండి.

గాలివానకు భయపడి చెట్టు తల నరికించొద్దు. నరికిన చోట కుళ్లు పడుతుంది, పైగా పట్టులేని కొమ్మలు నాలుగైదు లేస్తాయి. అనుమానముంటే సర్టిఫైడ్ ఆర్బరిస్టుకు (చెట్ల నిపుణుడికి) చూపించండి. కొట్టేయాల్సి వస్తే ముందు సిటీ పర్మిట్ సంగతి కనుక్కోండి.

మల్చ్‌గా, అంటే చెట్టు చుట్టూ నేల మీద పరచడానికి, చెక్కపేళ్లు అందరికీ పంచాం. 3, 4 అంగుళాల మందం చాలు, మానుకు మాత్రం ఆనించొద్దు.

కొత్త మొక్కలు వానలు మొదలయ్యాక నాటుదాం. ఎండ బాగా పడే పొడి నేలకు రెడ్ సీడర్ కన్నా హిమాలయ దేవదారు నయం, స్థలం ఉంటేనే సుమా. జింకలు లేత మొక్కల్ని బతకనివ్వవు కాబట్టి వలకంచె ఖర్చు సంఘమే పెట్టుకుంటుంది. కావాల్సినవాళ్లు సెప్టెంబరు లోపు పేర్లివ్వండి.

ఇట్లు,
చెట్ల కమిటీ