జెరూసలేం గోడ బయట కుదిరిన ఒప్పందం

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు క్రూసేడ్లు అనే మతయుద్ధాల కాలపు జెరూసలేం మీద తీసిన ‘కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్’ సినిమా చూశావనీ, అందులో బేలియన్ పాత్ర నీ మనసులో నిలిచిపోయిందనీ, అదంతా నిజంగానే అలా జరిగిందా అనీ అడుగుతూ రాసిన ఉత్తరం అందింది. ఫోనులో చెబితే పైపైన చెప్పినట్టవుతుందని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నాకు ఆ సినిమా అంటే ఎంతో ఇష్టం. అందుకే అందులో ఏది చరిత్రో, ఏది కల్పనో నీకు స్పష్టంగా తెలియాలని నా తాపత్రయం. ముఖ్యంగా చివర్లో జెరూసలేంను కాపాడే బేలియన్, దాన్ని ముట్టడించిన ముస్లిం సుల్తాను సలాదీన్ కోటగోడ బయట ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే ఘట్టం గురించి నీతో మాట్లాడాలి. ఆ ఘట్టంలో సినిమా మనకు పూర్తి ఊరట ఇచ్చి పంపించింది. నిజంగా జరిగింది మాత్రం అంతకన్నా కఠినమైనది, నా దృష్టిలో అంతకన్నా గొప్పది కూడా.

నువ్వు చూసింది ఏ కూర్పో రాయలేదు. 2005 మే నెలలో థియేటర్లకు వచ్చిన సినిమా నిడివి 144 నిమిషాలు. ఆ తరువాత దర్శకుడు రిడ్లీ స్కాట్ తాను మొదట అనుకున్న తీరులో కూర్చి విడుదల చేసినది 194 నిమిషాలు. ఎక్కువగా వచ్చిన ఆ 50 నిమిషాల్లోనే జెరూసలేం రాజు అక్క, రాకుమారి సిబిల్లా కొడుకు కథ అంతా ఉంది. అది లేకుండా చూసినవారికి ఆమె చివర్లో ఎందుకంతగా కుంగిపోయిందో, జుట్టు ఎందుకు కత్తిరించుకుందో బోధపడదు. పొట్టి కూర్పు చూసి ఉంటే సెలవుల్లో పెద్దది చూడు.

ఇక కుష్ఠువ్యాధి సోకిన రాజు నాలుగో బాల్డ్విన్. సినిమాలో బతికి ఉన్నంతసేపూ లోహపు ముసుగు వెనకే కనిపించే ఆ పాత్రను ఎడ్వర్డ్ నార్టన్ కళ్లతో, గొంతుతో మాత్రమే నిలబెట్టాడు. ఆ రాజు నిజంగా ముసుగు ధరించాడనడానికి ఆనాటి రచనల్లో ఆధారం లేదు. అది సినిమావాళ్ల ఊహ. అతని జబ్బు ఎలా బయటపడిందో మాత్రం అతని గురువు, తరువాత టైర్ నగరానికి ఆర్చిబిషప్ అయిన విలియం స్వయంగా రాసిపెట్టాడు. తోటి పిల్లలు ఆటల్లో ఒకరి చేతులు ఒకరు గోళ్లతో గిచ్చుకుంటూ కేకలు పెడుతుంటే, రాకుమారుడు మాత్రం ఎంత గిచ్చినా చలించకుండా నిలబడేవాడట. ఓర్పు గల పిల్లవాడని గురువు మొదట మురిసిపోయాడు. దగ్గరికి పిలిచి అడిగి చూస్తే కుడి చేయి సగం మేర స్పర్శ లేదని తేలింది. ఆ కొన్ని వాక్యాలు చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఏ తండ్రికైనా అంతే. ఆ పిల్లవాడు 1174లో పదమూడేళ్ల వయసులో సింహాసనం ఎక్కాడు. 1177 నవంబరు 25న మోంట్‌గిసార్డ్ దగ్గర సలాదీన్ సైన్యాన్ని ఓడించి తరిమాడు. 1183లో కెరాక్ కోటను సలాదీన్ ముట్టడించినప్పుడు, గుర్రమెక్కే స్థితి దాటిపోయినా పల్లకీలో సైన్యం వెంట వెళ్లాడు. 1185లో, పాతికేళ్లు నిండకుండానే కన్నుమూశాడు. కెరాక్ కోట ముందు అతనూ సలాదీనూ కలుసుకున్నట్టు సినిమాలో చూపించింది కల్పన అయినా, ఆ శరీరంతో ఆ ప్రయాణం చేయడం మాత్రం చరిత్రే.

ఈ జబ్బు విషయంలో పెద్ద కూర్పు పట్ల నాకొక అభ్యంతరం ఉంది. రాజుగారి మేనల్లుడికి, అంటే సిబిల్లా కొడుక్కి కూడా అదే జబ్బు వచ్చినట్టూ, తన తమ్ముడు పడ్డ నరకం బిడ్డ పడకూడదని తల్లే విషమిచ్చి చంపినట్టూ అందులో కథ నడుస్తుంది. నటన గుండెను పిండేస్తుంది, కాదనను. కానీ ఆ బాలుడు ఐదో బాల్డ్విన్ 1186లో తొమ్మిదేళ్లు నిండీ నిండకుండా చనిపోయాడన్నది తప్ప, కుష్ఠు సోకిందనడానికీ, తల్లి చంపిందనడానికీ ఆధారం లేదు. పైగా అది వంశపారంపర్యంగా దిగే జబ్బు కాదు, సూక్ష్మజీవి వల్ల సోకేది, ఈనాడు మందులతో నయమయ్యేది. మన నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల కోసమే ఒక ఆసుపత్రి నడిచిన సంగతి నీకు తెలుసు. ఆ రోగులను ఇంటివాళ్లే వెలివేసిన కాలం మన తాతల కాలమే కాబట్టి, అది రక్తంలో దిగుతుందన్న అపోహకు సినిమా ఊతమివ్వకుండా ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది.

జెరూసలేం సైన్యాన్ని సలాదీన్ తుడిచిపెట్టిన హత్తీన్ యుద్ధాన్ని సినిమా చూపించలేదు. యుద్ధం ముగిశాక మిగిలిన శవాలను, రాబందులను మాత్రం చూపించింది. ఆ నిర్ణయం నాకు నచ్చింది. నీళ్లు పుష్కలంగా ఉన్న సెఫోరీ బుగ్గలను వదిలి, జూలై ఎండలో, నీటి చుక్క లేని దారిన సైన్యాన్ని నడిపించడమే అప్పటికి రాజైన సిబిల్లా భర్త గై చేసిన ఘోరం. వెళ్లవద్దని గట్టిగా చెప్పినవాడు ట్రిపోలీ ప్రభువు రేమండ్. సినిమాలో టైబీరియాస్ పాత్రకు ఆయనే మూలం. ముట్టడిలో ఉన్న టైబీరియాస్ కోటలో చిక్కుకున్నది ఆయన భార్యే అయినా, కోట పోతే పోనీ, సైన్యం మిగలాలి అన్నాడాయన. ఆ మాటకు రాజు ఆ రాత్రి తలూపి, తెల్లారేసరికి మనసు మార్చుకున్నాడు. 1187 జూలై 4న దాహంతో నాలుకలు పిడచకట్టుకుపోయిన సైన్యం చుట్టూ ఎండుగడ్డికి నిప్పుపెట్టి, ఆ పొగలో సలాదీన్ సైన్యం పని ముగించింది. బందీ అయిన గైకి సలాదీన్ చల్లని నీటి గిన్నె ఇస్తే, అతను దాన్ని తనతో పట్టుబడ్డ కెరాక్ ప్రభువు రెనాల్డ్‌కు అందించడం, రెనాల్డ్‌ను సలాదీన్ తన చేతులతో శిక్షించడం చరిత్రలో ఉన్నదే. ఆ తరువాత బందీలుగా దొరికిన టెంప్లర్లు, హాస్పిటలర్లు అనే సన్యాసి యోధులను వరసగా నరికించిన సంగతిని మాత్రం సినిమా దాటేసింది. సలాదీన్‌ను మచ్చలేని మహాపురుషుడిగా నిలపాలన్న తపన అక్కడ కనిపిస్తుంది.

ఇప్పుడు నీకు నచ్చిన బేలియన్ దగ్గరికి వస్తాను. అతను ఫ్రాన్సు పల్లెలో కొలిమి నడిపే కమ్మరి కాదు, ఎవరో ప్రభువు పెళ్లికాకుండా కన్న కొడుకూ కాదు. తూర్పు దేశంలోనే పుట్టి పెరిగిన ఇబెలిన్ వంశపు ప్రభువు. భార్య మరియా కొమ్నీనా కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తుల ఇంటి ఆడపడుచు, సిబిల్లా తండ్రి అమాల్రిక్ రాజుకు రెండో భార్యగా ఉండి వితంతువైన రాణి. అంటే సిబిల్లా అతనికి ప్రియురాలు కాదు, వరసకు భార్య సవతి కూతురు. హత్తీన్ నుంచి తప్పించుకుని టైర్ చేరిన బేలియన్, జెరూసలేంలో ఉన్న భార్యాబిడ్డలను తెచ్చుకోవడానికి అనుమతి కోరుతూ సలాదీన్‌కు కబురుపెట్టాడు. ఒక్క రాత్రి మాత్రమే ఉండాలి, తన మీద ఆయుధం పట్టకూడదు అన్న షరతుతో సలాదీన్ ఒప్పుకున్నాడు. నగరంలోకి అడుగుపెట్టగానే జనం చుట్టుముట్టి తమను విడిచి వెళ్లవద్దని కాళ్లావేళ్లా పడ్డారు. ఆ ప్రమాణం నుంచి నిన్ను విముక్తుణ్ణి చేస్తున్నానని నగరంలోని క్రైస్తవ మతపెద్ద, పేట్రియార్క్ హెరాక్లియస్ చెప్పాడు. బేలియన్‌కు మాట తప్పక తప్పలేదు. తప్పుతూ, ఎందుకు తప్పుతున్నాడో సలాదీన్‌కే రాసి పంపాడు. సలాదీన్ కోపం తెచ్చుకోకపోగా, బేలియన్ భార్యను, పిల్లలను తన మనుషుల తోడిచ్చి నగరం నుంచి క్షేమంగా పంపించాడు. ముట్టడించేవాడికీ, ముట్టడిలో ఉన్నవాడికీ మధ్య ఇంతటి మర్యాద నడిచిన ఈ కథను సినిమా ఎందుకు వదులుకుందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. కమ్మరి ప్రభువు కావడం కన్నా, ప్రమాణానికీ జనానికీ మధ్య నలిగిన మనిషి కథ బలమైనది కదా!

ముట్టడి 1187 సెప్టెంబరు 20న మొదలైంది. నగరంలో యోధులన్నవారు దాదాపు లేరు కాబట్టి, పదహారేళ్లు దాటిన ప్రభువుల కొడుకులను, ఇంకొందరు పౌరులను బేలియన్ నైట్లుగా చేశాడు. ఆయుధం పట్టగల ప్రతివాడినీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి నైట్‌ను చేసినట్టు సినిమాలో ఉన్నది ఇందులోంచి పుట్టినదే. గోడ కూలాక సలాదీన్‌తో మాటలు సాగాయి. 1099 జూలై 15న క్రూసేడర్లు ఇదే నగరాన్ని పట్టుకున్నప్పుడు ముస్లింలను, యూదులను ఊచకోత కోసిన సంగతి ఎవరూ మరచిపోలేదు. అదే తీరున కత్తితో గెలుస్తానని సలాదీన్ ముందే ప్రతిన పూనాడు. అప్పుడు బేలియన్ అన్న మాటలు సినిమాలో ఉన్నంత మెత్తగా లేవు. సినిమాలో అతను మీ పవిత్ర స్థలాలు, మా పవిత్ర స్థలాలు అన్నిటినీ కాల్చేస్తానంటాడు. అసలు బేలియన్ అన్నది వేరు: శరణు దొరకకపోతే మా భార్యాపిల్లలను మేమే చంపుకుంటాం, మా చెరలో ఉన్న ఐదువేల మంది ముస్లిం బందీలను చంపుతాం, ‘డోమ్ ఆఫ్ ది రాక్’ అనే గుమ్మటాన్నీ అల్ అఖ్సా మసీదునూ నేలమట్టం చేస్తాం, ఆ తరువాత బయటికి వచ్చి పోరాడి చస్తాం అని. వినడానికే భయంకరమైన మాటలివి. ఆ బెదిరింపు ముందు సలాదీన్ తన అమీర్లతో ఆలోచించి, ప్రతిన సంగతి పక్కనపెట్టి, రొక్కం తీసుకుని జనాన్ని వదలడానికి ఒప్పుకున్నాడు.

సినిమా చెప్పని సంగతి ఈ రొక్కమే. అందులో సలాదీన్ ప్రతి ఒక్కరినీ ఊరికే సాగనంపుతాడు. నిజంగా మగవాడికి పది దినార్లు (బంగారు నాణేలు), ఆడమనిషికి ఐదు, పిల్లలకు అంతకన్నా తక్కువ అని ధర కుదిరింది, గడువు నలభై రోజులు. కట్టలేని పేదల్లో ఏడువేల మందికి కలిపి 30,000 దినార్లు బేలియన్ ఏర్పాటు చేశాడు. పేట్రియార్క్ తన పది దినార్లు కట్టి, చర్చి బంగారం బండ్లకెత్తించుకుని వెళ్లిపోతుంటే, దాన్ని ఆపాలని సలాదీన్ కొలువులోని వారు పట్టుబట్టినా, ఒప్పందం ఒప్పందమేనని ఆయన ఆపలేదు. సలాదీన్ తమ్ముడు అల్ ఆదిల్ వెయ్యి మందిని తనకు బహుమతిగా అడిగి తీసుకుని అక్కడికక్కడే విడిచిపెట్టాడు. ముసలివారిని సలాదీన్ ఉచితంగా వదిలాడు. ఇన్ని జరిగినా, రొక్కం దొరక్క బానిసలైపోయినవారు సుమారు 15,000 మంది అని సలాదీన్ కార్యదర్శి ఇమాదుద్దీన్ లెక్క.

అమ్మా, ఈ 15,000 మంది సినిమాలో లేరు. నా బాధ అదే. ప్రాణాలతో బయటపడ్డ వేలమందిని చూసి సంతోషించు, సంతోషించాలి కూడా, 1099తో పోలిస్తే అది ఆ కాలానికి అపురూపమైన సంగతి. కానీ ఆ ద్వారం దగ్గర నిలబడి తన మెడలోదీ, బిడ్డ ఒంటిమీదదీ తీసిచ్చినా ఇంకా దినారు తక్కువ పడిన తల్లిని తలచుకోకుండా ఆ విజయాన్ని నువ్వు పూర్తిగా అర్థం చేసుకోలేవు. ఇద్దరు శత్రువులు కసి తీర్చుకోగల స్థితిలో ఉండి కూడా లెక్కలు వేసుకుని మనుషులను బతికించారు. ఆ ఇద్దరూ మన కాలపు మనుషుల్లాగా అన్ని మతాలూ ఒకటేననుకునేవారు కారు. ఎవరి విశ్వాసం వారికి ప్రాణం. సలాదీన్ నగరంలోకి ప్రవేశించిన 1187 అక్టోబరు 2 ఇస్లామిక్ పంచాంగంలో రజబ్ 27, ప్రవక్త స్వర్గారోహణను స్మరించే రోజు. పడిపోయిన శిలువను సలాదీన్ ఎత్తి బల్ల మీద నిలబెట్టినట్టు సినిమాలో ఒక అందమైన దృశ్యం ఉంది. నిజానికి ఆనాడు గుమ్మటం మీది బంగారు శిలువను అతని మనుషులు కిందికి లాగేశారు. అయినా యేసు సమాధి ఉన్నదని క్రైస్తవులు నమ్మే పవిత్ర సమాధి చర్చిని కూల్చమన్న సలహాను సలాదీన్ తోసిపుచ్చాడు. తన విశ్వాసాన్ని అంత గట్టిగా పట్టుకున్న మనిషే ఎదుటివారి గుడిని నిలవనిచ్చాడు. 2003లో ఇరాక్ యుద్ధం మొదలైన రెండేళ్లకే వచ్చిన సినిమా కాబట్టి, అందరి గాయాలకూ మందు రాయాలని దర్శకుడు తపించాడని నేను అర్థం చేసుకోగలను. కానీ అందుకోసం ఆనాటి భక్తినే మూర్ఖత్వంగా, సందేహించేవాడినే మంచివాడిగా చూపించాల్సిన అవసరం లేదనుకుంటాను.

చివర్లో బేలియన్ ఊరికి తిరిగొచ్చి మళ్లీ కమ్మరి అయిపోతాడు, జెరూసలేంను తిరిగి గెలవడానికి వెళ్తున్న ఇంగ్లండు రాజు రిచర్డ్ దారిలో పలకరించినా తనకేమీ పట్టనట్టు ఉండిపోతాడు. అసలు బేలియన్ ఎక్కడికీ పోలేదు. ఆ దేశంలోనే ఉండి, రిచర్డ్‌కూ సలాదీన్‌కూ మధ్య 1192 సెప్టెంబరులో యాఫాలో కుదిరిన సంధికి మాటలు నడిపినవారిలో ఒకడయ్యాడు. జెరూసలేం ముస్లింల ఏలుబడిలోనే ఉంటుంది, ఆయుధం లేకుండా వచ్చే క్రైస్తవ యాత్రికులను ఎవరూ అడ్డగించరు అని ఆ సంధి. తరువాత సలాదీన్ అతనికి కేమాంట్ అనే చిన్న జాగీరు ఇచ్చాడు. పెద్ద కూర్పు చూశాక నీకేమనిపించిందో తప్పకుండా రాయి.

ఇట్లు,
నీ నాన్న