జడ నీడను క్షయ మచ్చగా చదివితే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

పుత్తూరు దగ్గరి పల్లెలో ఉండే మా మేనకోడలికి దగ్గు తగ్గకపోవడంతో ఇటీవల తిరుపతిలోని ఒక కేంద్రంలో ఛాతీ ఎక్స్‌రే తీయించారు. ఫిల్మును సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి తెలిసినవారికి పంపితే, కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ ఉందనీ, అది క్షయ కావచ్చుననీ జవాబు వచ్చింది. ఆ ఇంట్లో రెండు రోజులు ఎవరికీ అన్నం సహించలేదు. ఫిల్ము నా దగ్గరికి తెచ్చినప్పుడు చూస్తే, ఆ మచ్చ ఊపిరితిత్తి హద్దు దాటి, కాలర్ బోన్ మీదుగా మెడలోకి సాగి ఉంది. అది అమ్మాయి జడ నీడ. జడను నడినెత్తిన ముడివేసి మళ్లీ తీయించగా మచ్చ మాయమైంది. రేడియాలజిస్టు కూడా ఊపిరితిత్తులు బాగున్నాయని రాసిచ్చారు. కొండ మీద తలనీలాలు ఇచ్చి వచ్చినవారికి ఈ చిక్కు లేదని తరువాత నవ్వుకున్నాము.

నేను వైద్యుణ్ణి కాను, ఎక్స్‌రే గదిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఫిల్ము చేతికి రాగానే అందరూ మచ్చల కోసమే వెతుకుతారు. పేరు, తేదీ, కుడి ఎడమల గుర్తు సరిచూసుకున్న తరువాత, రెండు కాలర్ బోన్ల లోపలి కొనలు వెన్నెముక మధ్యరేఖకు సమదూరంలో ఉన్నాయో లేదో చూడాలి; మనిషి పక్కకు తిరిగి నిలబడితే ఒక ఊపిరితిత్తి నల్లగానూ, రెండవది తెల్లగానూ పడి లేని జబ్బును చూపిస్తుంది. ఊపిరి నిండుగా పీల్చినప్పుడు డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర) పైన వెనుకవైపు పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకు రావాలి. అర ఊపిరితో తీసిన ఫిల్ములో ఊపిరితిత్తుల అడుగుభాగం నెమ్ము చేరినట్లు తెల్లబడుతుంది, గుండె కూడా లావుగా కనిపిస్తుంది.

గుండె విషయంలో జరిగే పొరపాటు మరీ ఎక్కువ. నిలబెట్టి, సుమారు 6 అడుగుల దూరం నుంచి, కిరణాలు వీపు వైపు నుంచి వచ్చేలా తీసిన ఫిల్ములో పెద్దవారి గుండె వెడల్పు ఛాతీ లోపలి వెడల్పులో సగానికి మించకూడదన్నది లెక్క. మంచం మీద పడుకోబెట్టి ముందు నుంచి తీసినప్పుడు ఈ లెక్క పనికిరాదు. దీపం ముందు చేతిని గోడకు దూరంగా జరిపితే నీడ పెరిగినట్లే, ఫిల్ముకు దూరమైన గుండె నీడ పెద్దదవుతుంది. అలాంటి ఫిల్మును చూసి ‘గుండె పెరిగింది’ అని బెంగపడిన కుటుంబాలను చాలా చూశాను.

బాగుందనుకున్న ఫిల్ములోనూ కాలర్ బోన్ల వెనుక, గుండె చాటున, డయాఫ్రమ్ వంపు కింద జబ్బు దాగి ఉండవచ్చు. నిలబెట్టి తీసినా, ఊపిరితిత్తి చుట్టూ దాదాపు 200 మిల్లీలీటర్ల నీరు చేరితేగాని ఊపిరితిత్తి అడుగున పక్కల ఉండే మూల మొద్దుబారినట్లు స్పష్టంగా కనిపించదు.

మన చిత్తూరు, కుప్పం వైపు గ్రానైట్ కోతలో పనిచేసేవారి సంగతి వేరుగా చెప్పాలి. రాతి ధూళి వల్ల వచ్చే సిలికోసిస్ మచ్చలు కూడా క్షయ మచ్చల్లాగే ఎక్కువగా ఊపిరితిత్తుల పైభాగంలోనే వస్తాయి. పైగా ఆ ధూళి పీల్చినవారికి క్షయ సోకే ముప్పు కూడా ఎక్కువ. రోగి ఏ పని చేస్తాడో చీటీ మీద రాయకుండా, తెమడ పరీక్ష చేయించకుండా ఫిల్ము ఒక్కదానితో తేల్చడం సరికాదు. ఎప్పుడో మానిన క్షయ మచ్చ కూడా ఊపిరితిత్తిలో మిగిలిపోవచ్చు కనుక పాత ఫిల్ము పక్కన పెట్టి చూడటం అవసరం. మన ఇళ్లలో దానిని గ్రహణం చూడమని పిల్లలకు ఇచ్చేస్తారు (అది కళ్లకూ చేటే).

ఛాతీ ఎక్స్‌రేలో పడే కిరణాల మోతాదు ప్రకృతిలో కొద్ది రోజుల్లో మనకు సోకేంతే కనుక, అవసరమైతే మళ్లీ తీయించుకోవడానికి జంకనక్కరలేదు. గర్భిణులు మాత్రం ముందే చెప్పాలి. తిరుపతి, చిత్తూరు జిల్లాల ఆరోగ్యశాఖ అధికారులు ప్రతి ఫిల్ము మీద ఏ వైపు నుంచి, నిలబెట్టి తీశారా పడుకోబెట్టి తీశారా అన్నది ముద్రించేలా, రేడియాలజిస్టు రిపోర్టు లేకుండా ఫిల్ము ఇవ్వకుండా, జడ పైకి ముడివేసుకోమని, గొలుసు, పిన్నీసులు తీయమని గది బయట తెలుగులో బోర్డు పెట్టేలా కేంద్రాలను ఆదేశించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఎక్స్‌రే టెక్నీషియన్,
తిరుపతి