మిరప చేను మట్టి పంపిస్తున్నాను

నర్సంపేట,
ఆదివారం రాత్రి

బిడ్డా,

ఫోనులో చెబుదామంటే నీకు తీరిక ఉండదు, నాకు వరుసగా చెప్పడం రాదు. అందుకే దుకాణం మూశాక పాత బిల్లు పుస్తకంలో మిగిలిన కాగితాల మీద రాస్తున్నాను.

పోయిన దసరాకు వచ్చినప్పుడు మీ ల్యాబులో ప్లాస్టిక్ తయారుచేసే నీ బాక్టీరియా గురించి గంటసేపు చెప్పావు. నేను సగం విని, "దీంతో ఉద్యోగం వస్తుందా?" అన్నాను. నువ్వు కంచం తీసుకుని లేచి వెళ్లిపోయావు. ఆ ప్రశ్న అప్పుడు అడగాల్సింది కాదు.

నిజానికి నువ్వు చెప్పినదాంట్లో సగం నాకు తెలిసిన సంగతే. నువ్వు సూడోమోనాస్ పుటిడా అనే బాక్టీరియా పేరు చెప్పావు. నేను ఇరవై ఏళ్లుగా తెగుళ్లు ఆపే సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ ప్యాకెట్లు అమ్ముతున్నాను. కిలో విత్తనానికి పది గ్రాములు పట్టించమని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. రెండూ దాయాదులే కదా. అదే వంశంలోని ఎరుగినోసా ఆసుపత్రుల్లో పుండ్లకు చీము పట్టిస్తుందని కూడా నువ్వే చెప్పావు. ఏ ఇంట్లోనైనా అలాంటివాడు ఒకడుంటాడు.

తిండి దండిగా ఉండి నత్రజని కొరవడితే కొన్ని బాక్టీరియాలు పెరగడం ఆపి, మిగిలిన తిండిని ఒంట్లో గింజల్లా దాచుకుంటాయని అన్నావు. ఆ గింజలే ప్లాస్టిక్ అన్నప్పుడు నేను నమ్మలేదు. తరవాత పత్తి గుర్తుకొచ్చింది. యూరియా గుప్పిస్తే పత్తి ఏపుగా పెరిగి తలను దాటుతుంది, కాయ మాత్రం పట్టదు. అది తెలిసినవాడికి నీ బాక్టీరియా అర్థం కాకపోవడం ఏమిటి? నత్రజని తగ్గించి కాయ పట్టిస్తున్నారు, అంతే. ఫ్రాన్స్‌లో లెమోయిన్ అనే ఆయన 1926లోనే మట్టి బాక్టీరియాలో ఈ పదార్థాన్ని గుర్తించాడని, కుప్రియావిడస్ అనే మరో మట్టి బాక్టీరియా ఎండిన బరువులో 80 శాతం దాకా ఇదే నింపుకోగలదని చెప్పావు. వంద కిలోల బస్తాలో ఎనభై కిలోలు సరుకే! ఏ పంటకూ అంత దిగుబడి చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న మన చేనులో మిరప కట్టె పీకించి, గడ్డి మొలవకుండా మొక్కల చుట్టూ పరిచిన ప్లాస్టిక్ మల్చింగ్ షీటు తీయించాను. వేసేటప్పుడు ఒక్క పూట పని. తీసేటప్పుడు నలుగురు కూలీలు మూడు రోజులు వంగి పీకినా సగం మట్టిలోనే మిగిలింది. షీటు మందం 30 మైక్రాన్లు. పట్టుకుంటే చేతికి పీలికలే వస్తాయి. అంగట్లో ఇచ్చే సంచి 120 మైక్రాన్ల కంటే పలచగా ఉండకూడదని 2022 చివరి నుంచి నిబంధన ఉంది. మన కాళ్ల కింద పరిచేదాన్ని మాత్రం ఎవరూ అడగరు. మట్టి అంటిన షీటును పాత సామాను వాళ్లు కొనరు. గట్టు మీద తగలబెడతారు, నేనూ ఒక ఏడు తగలబెట్టాను. ఆ తరవాత రోటవేటర్ తిరిగితే మిగిలినది ముక్కలు ముక్కలవుతుంది. ఈసారి దుక్కిలో గుప్పెడు మట్టి తీస్తే అందులో నాలుగు నల్ల ముక్కలు దొరికాయి. మూడేళ్ల కింద వేసిన షీటువేమో.

ఒకసారి కరిగిపోయే షీటు అని ఒకతను నాకు నాలుగు రోల్స్ అంటగట్టాడు. పేరెందుకులే. ఎండకు పెళుసై పొడి పొడి అయింది. కొన్న రైతు వచ్చి దుకాణం ముందు తిట్టిన తిట్లు మీ అమ్మ కూడా విన్నది. పొడి కావడం వేరు, కుళ్లడం వేరు అని నాకు అప్పుడు తెలియదు. మొక్కజొన్న చక్కెర నుంచి చేసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ కూడా అరవై డిగ్రీల దగ్గర ఉడికే కంపోస్టులో కుళ్లుతుందే గాని మామూలు చేనులో ఏళ్లు పడుతుందని నువ్వు అన్నావు. నీ సరుకు అలా కాదు, మట్టిలోని సూక్ష్మజీవులకు అది తిండే, దాన్ని కొరికే ఎంజైములు వాటి దగ్గరే ఉన్నాయి. నాకు నచ్చింది ఇదే.

ధర సంగతి దాచకు. 1990లో జర్మనీలో ఈ ప్లాస్టిక్‌తో షాంపూ సీసాలు చేసి అమ్మారని, ఖరీదు వల్ల నిలవలేదని నువ్వే చెప్పావు. రైతు మొదట ధరే చూస్తాడు. కానీ షీటు ధర పక్కన తీసే కూలీ కూడా రాసి చూపించు. ఆ లెక్క నేను వేసి ఈ కాగితాల వెనక పెట్టాను.

పత్తి కట్టెను గట్టిగా ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని కరిగించి పుటిడాకు పెడుతున్నామని, దాని ప్లాస్టిక్ రబ్బరులా సాగుతుందని, కుప్రియావిడస్‌ది పెళుసు అని అన్నావు. రెండూ కలిపి చూశారా? ఆగస్టులో నారు నాటితే మార్చిలో చివరి కోత. ఆ ఎనిమిది నెలలు షీటు చిరగకూడదు, నాలుగో నెలలోనే చిరిగితే గడ్డి లేస్తుంది. తరవాతి వానాకాలం దుక్కికి ముక్క కూడా కనబడకూడదు. మీ ల్యాబులో ఇలా లెక్క అడిగేవాళ్లు ఉన్నారో లేదో. బావి పక్క రెండు గుంటల నేల నీకోసం వదిలిపెడతాను. పాడైనా ఫరవాలేదు.

నువ్వు అడిగిన మట్టి తీశాను. మందు కొట్టని చోటు కావాలన్నావు కదా, గట్టు మీద వేపచెట్టు కింద జానెడు లోతు నుంచి తీసింది ఒకటి, చేను నడిమిది ఒకటి. కొత్త ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించమన్నావు. నవ్వు వచ్చింది గాని, చెప్పినట్టే చేశాను. ఎండ తగలకుండా అమ్మ స్టీలు డబ్బాలో పెట్టి రేపు పొద్దున బస్సులో పంపుతున్నాను. డబ్బా తిరిగి రావాలట, మూతతో సహా.

నీ బాపు