నలభై బేసిన్లు, ముప్పై ఆరు లీటర్ల నూనె: పంపిన మీ అందరికీ వందనాలు

ప్రభువునందు ప్రియులైన సహోదరీ సహోదరులకు,

కుష్ఠు వ్యాధి నయమై మా కాలనీలో ఉంటున్న పెద్దల కాళ్ల సంరక్షణకు అడిగినవన్నీ అందాయి. బేసిన్లు 40, కాలు రుద్దుకునే గరుకు రాళ్లు 40, కొబ్బరినూనె 36 లీటర్లు, గాజుగుడ్డ, చేతి తొడుగులు, చెప్పుల కోసం ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు అనే మెత్తటి రబ్బరు) షీట్లు. కాలనీ సంఘం తరఫున మీకు నిండు మనసుతో కృతజ్ఞతలు. పంపినవి ఎక్కడికి పోయాయో తెలుసుకునే హక్కు ఇచ్చినవారికి ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

చాలామంది అడిగిన ప్రశ్న: జబ్బు నయమైందంటున్నారు, మరి ఈ పుండ్లేమిటి? ఎండీటీ (కొన్ని మందులు కలిపి ఇచ్చే కుష్ఠు చికిత్స) జబ్బు రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు వాడితే క్రిమి చస్తుంది. ఆ మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. కానీ అప్పటికే చచ్చుబడిన నరం తిరిగి రాదు. అరికాలికి స్పర్శ ఉండదు. ముల్లు దిగినా, చెప్పులో రాయి ఉన్నా తెలియదు. రాత్రి ఎలుక కొరికినా తెల్లారి రక్తం చూస్తేనే తెలుస్తుంది. వేళ్లు పోయేది జబ్బు తినేసి కాదు, నొప్పి తెలియక పదేపదే తగిలిన దెబ్బల వల్ల. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్లో మొదలుపెట్టిన పని ఈ సంగతిని లోకానికి చూపించింది. మీరు పంపిన బేసిన్‌కు ఇంత విలువ అందుకే.

స్పర్శ లేని కాలికి చెమట కూడా పట్టదు. చర్మం ఎండి, ఆనెలు కట్టి, పగులుతుంది. ఆ పగులే పుండుకు దారి. కాబట్టి రోజూ చన్నీళ్లలో 20 నుంచి 30 నిమిషాలు కాళ్లు నానబెట్టాలి. వేడినీళ్లు అసలు వద్దు, కాలినా తెలియదు. నానిన తర్వాత ఆనె మీద రాయితో మెల్లగా రుద్దాలి. బ్లేడు ముట్టుకోకూడదు. తడి పూర్తిగా ఆరకముందే నూనె రాయాలి. నూనె నీటిని లోపలికి పంపదు, ఉన్న తడిని పోనివ్వదు, అంతే. అందుకే పొడికాలికి ఎంత నూనె పట్టించినా దండగ. మనిషికి రోజుకు సుమారు 10 మిల్లీలీటర్ల లెక్కన 40 మందికి నెలకు 12 లీటర్లు పడుతుంది. మీరు పంపింది మూడు నెలలకు సరిపోతుంది.

పుండు ఉన్నవారి బేసిన్ వేరుగా పెట్టాం. సబ్బునీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టడమే మా పని. పసుపు, సున్నం, ఆకుపసరు, ఘాటైన మందునీళ్లు ఆపించాం. అవి కొత్తగా వచ్చే లేత చర్మాన్ని కూడా కాల్చేస్తాయి. నిజానికి పుండు మానకపోవడానికి అసలు కారణం మందు చాలకపోవడం కాదు, నడక. నొప్పి లేదు కాబట్టి మనిషి పుండు మీదే నడిచేస్తాడు. ఆ కాలికి విశ్రాంతి ఇవ్వాలంటే నీళ్లు తెచ్చేవారు, రేషన్ తెచ్చేవారు కావాలి. యవ్వనస్థుల కూటం పిల్లలు ఆ పని చేస్తున్నారు. దీన్ని ఎవరూ ఫొటో తీయరు గానీ, మా లెక్కలో డ్రెస్సింగ్ కంటే పెద్ద పరిచర్య ఇదే. వాపు, దుర్వాసన, జ్వరం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి పంపుతున్నాం. ఆ ప్రయాణాలకు ఆటో ఖర్చు పెట్టుకున్న స్త్రీల సమాజానికి ప్రత్యేక వందనాలు.

ఇక చెప్పులు. ఎంసీఆర్ షీటును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే సగం మందానికి అణగాలి. అణగకపోతే అది మామూలు రబ్బరే. చెప్పు కింద గట్టి అడుగు ఉండాలి, ముల్లు దిగకుండా. మేకులు కొట్టకూడదు, కుట్టాలి, లేదా అంటించాలి. వెనక పట్టీ తప్పనిసరి, లేకపోతే చెప్పు జారిపోయినా తెలియక వట్టికాలితో నడుస్తారు. బొటనవేలి సందులో దూర్చే రకం వద్దు. ఇవన్నీ ఓపికగా విని, ఒక్కొక్కరి పాదం కాగితం మీద గీసుకుని కుట్టిన చెప్పుల పెద్దాయన కూలి తీసుకోనన్నారు. ఆయనకు మేం బాకీ ఉన్నాం.

చేతి తొడుగుల గురించి ఒక మాట. అవి చీము, రక్తం ముట్టుకునేటప్పుడు ఏ పుండుకైనా పాటించే శుభ్రత కోసం. నూనె రాసేటప్పుడు, చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసేటప్పుడు వద్దు. మందులు పూర్తయిన వారి నుంచి వ్యాధి అంటదు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు కనికరపడి, ముందు చెయ్యి చాపి ముట్టాడు, ఆ తర్వాతే శుద్ధుడవు కమ్మన్నాడు. వరుస అదీ. కొత్తగా వచ్చే వాలంటీర్లకు వాక్యం చెప్పేముందు కాలు పట్టుకోవడం నేర్పుతున్నది అందుకే.

కుష్ఠు వ్యతిరేక దినమైన జనవరి 30న దుప్పట్లు, పండ్లు తెచ్చేవారి ప్రేమను కాదనం. ఇళ్లలో దుప్పట్లు మాత్రం పేరుకుపోయాయి. ఈసారి ఏం కావాలో ముందు అడిగి పంపినందుకే మీకు ఇంత పొడుగు ఉత్తరం. తెలుగు నేలకు ఇది కొత్త సంగతేమీ కాదు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో క్రైస్తవ మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు ఆసుపత్రి కట్టడానికి ముందుకొచ్చి డబ్బిచ్చింది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. మీలోనూ సంఘానికి బయటివారు చాలామంది ఉన్నారు, మీకు రెండింతల కృతజ్ఞతలు.

చెప్పులు ఆరు నెలలకు అణగారిపోతాయి. ప్రభుత్వ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద ఏడాదికి రెండు జతలు వస్తాయి, వాటికి పేర్లు రాయించాం. పాదం ఆకారం బాగా మారిపోయిన కొందరికి ఆ సైజులు సరిపోవు. వారి కోసం మళ్లీ ఎంసీఆర్ షీట్లు కావాలి. పంపేవారు కొనేముందు ఆ వేళ్లతో నొక్కి చూసే పరీక్ష మరచిపోవద్దు.